స్టార్ట్ ఇమీడియట్లీ

పగలు పది నుంచి ఐదు దాకా ఆ యూత్ హాస్టల్లో ఎవరూ ఉండకూడదు. పొద్దున్నే దుప్పటి మడిచి, సంచి లాకర్లో పెట్టి, అందరూ వీధిలోకి వెళ్ళిపోవాలి. తలుపు వేసేసి నేల కడుగుతారు. జయశీలని ఒక్కదాన్నీ వార్డెన్ ఉండనిచ్చాడు. విశాఖపట్నానికి కాల్ ఆయనే బుక్ చేశాడు, లైను దొరికినప్పుడు ఎత్తడానికి ఆమె అక్కడ ఉండాలి. టెలిఫోను మెట్ల పక్కన గోడకి ఉంది. దాని ఎదురుగా బల్ల. గంట పట్టచ్చు, ఇంకా ఎక్కువా పట్టచ్చు అంది ఆపరేటర్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బొంబాయి, బొంబాయి నుంచి విశాఖపట్నం, అక్కడ పాత పోస్టాఫీసు వీధిలో జగ్గారావు మందుల షాపు. జగ్గారావు ఫోను పక్కన పెట్టి, షాపు దిగి, వీధి దాటి వాళ్ళింటి తలుపు కొట్టాలి. అక్కడ ఇప్పుడు రాత్రి భోజనాల వేళ. ఇక్కడ ఇంకా ఎండ ఉంది. బల్ల మీద కూర్చుంటే కిటికీలోంచి హాంబర్గ్ హార్బరు కనిపిస్తుంది. హాస్టల్ గుట్ట మీద ఉంది కాబట్టి క్రేన్లు కళ్ళకి సమానంగా కనిపిస్తాయి. ముందున్న క్రేనుకి క్యాబిన్ ఏ పక్కన ఉందో చూసింది. కుడి పక్కన. దాని తర్వాతి క్రేన్ని చూసింది. అదీ కుడి పక్కనే. క్యాబిన్ ఏ పక్కనుంటాదో సూసి రాయి అన్నాడు విశాఖ రేవులో క్రేను నడిపిన నాన్న, ఆమె జర్మనీకి బయల్దేరిన రోజు స్టేషన్లో. మన జెట్టీ మీద క్యాబిన్ ఎడం పక్కనుంటాదమ్మా, లోడు ఊగినప్పుడు ఎండ మొహం మీద కొడతాది, ఆళ్ళు ఏ పక్క పెట్టుకున్నారో సూడు. కుడి పక్కన పెట్టుకున్నారు. ఎవరికి రాయాలి. అలవాటు కొద్దీ చూసింది, అంతే.

టెలిగ్రాం సోమవారం చేతికొచ్చింది. ఈ ఊరి పెద్ద పోస్టాఫీసులో, పేరు చెప్పి పాస్‌పోర్టు చూపిస్తే అల్మారాలోంచి తీసి ఇచ్చారు. ఫలానా తారీఖు నుంచి హాంబర్గ్‌లో ఉంటానని ముందే రాసింది కాబట్టి తమ్ముడు ఆనందకుమార్ ఇక్కడికి కొట్టాడు. శుక్రవారం కొట్టాడు. ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ. కింద ఆనంద్. ఆమె అది కిటికీ దగ్గర నిలబడి చదివింది, వెనక నిలబడ్డ మనిషికి దారిచ్చింది, బయట మెట్ల మీద కూర్చుంది, నాన్న పోయాడు అనుకుంది. ఎవరూ అలా అనుకోమని చెప్పక్కర్లేదు. నాయనమ్మ పోయినప్పుడు కూడా మదర్ సీరియస్ అనే వచ్చింది. అప్పుడు ఆమెకి పన్నెండేళ్ళు ఉంటాయేమో. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ ఆరోగ్యమ్మ ఆ కాగితం పక్కింటాయన చేత చదివించుకుంది, చదివించుకున్నాక ఏం జబ్బు, ఏ డాక్టరు అని ఒక్క మాట అడగలేదు. పెట్టెలోంచి తెల్లచీర తీసి మడిచి సంచిలో పెట్టింది, బైబిలు పెట్టింది, నాన్న రాగానే అన్నం పెట్టి, అతను చేయి కడుక్కున్నాక చెప్పింది. సీరియస్ అంట. నాన్న, అయితే రేపు పొద్దున్నకి ఉంచుతారేమో అన్నాడు. బస్సులో ఇద్దరూ పెద్దావిడకి ఏమైందని అనుకోలేదు. పాతిపెట్టే చోటు గురించే మాట్లాడుకున్నారు.

ఆ మాట ఆమె కూడా ఎంతమందికో అప్పచెప్పింది. పెద్దాసుపత్రిలో మగవాళ్ళ వార్డులో పనిచేసిన రోజుల్లో, తెల్లవారుజామున ఎవరైనా పోతే, మంచం దగ్గర మనిషి ఏడుస్తూ వచ్చి సిస్టరమ్మా టెలిగ్రాం రాసిపెట్టు అనేవాడు. ఆమె రాసేది. పోయాడని రాస్తే దారిలో వాళ్ళకేమన్నా అవుతుంది, సీరియస్ అని రాద్దాం అనేది. రాసి ఇచ్చేది. మొగుడు పోయిన పోతమ్మ అనే ముసలమ్మ కొడుక్కి అలాగే రాసింది, పార్వతీపురానికి. కొడుకు వచ్చేటప్పుడు పూలదండ కొనుక్కునే వచ్చాడు. ఆ మాట చదివినవాడికి తెలుసు, రాసినవాడికి తెలుసు, పోస్టాఫీసులో అక్షరాలు లెక్కపెట్టేవాడికీ తెలుసు.

హెలెన్‌కి తెలియదు. ఆమెది న్యూజిలాండు. గదిలో జయశీల పై మంచం ఆమెది, ఏడాదిగా ఒక్కతే తిరుగుతోంది. సోమవారం సాయంత్రం ఆ కాగితం తీసుకుని వెలుతురు కిందకి వెళ్ళి చదివింది.

"సీరియస్ అని ఉంది. చనిపోయాడని లేదు."

"మాకు అదే అర్థం."

"మీ భాషలోనా?"

"అవును."

"కానీ ఇది ఇంగ్లీషు కదా!" అంది హెలెన్.

జయశీలకి నవ్వొచ్చింది. నవ్వింది కూడా. నవ్వాక తనని తాను చూసుకుంది, నాన్న పోయాడని తెలిసిన రోజు నవ్వింది అని. అయినా ఏమీ అనిపించలేదు. ఎదురుగా కింది మంచం మీదున్న అబేనా లేచి వచ్చి పక్కన కూర్చుంది. ఆమెది ఘానా, లండన్లో చదువు. మా ఊళ్ళో అయితే మీ నాన్న కాస్త అలసిపోయాడు అని కబురు పంపిస్తారు, వెంటనే నల్లబట్ట కొనుక్కుంటాం అంది అబేనా. చేయి పట్టుకుంది. మంద్రంగా ఒక కీర్తన పాడింది, మాటలు వేరు, రాగం మాత్రం విశాఖపట్నంలో జయశీల వాళ్ళ చర్చిలో సమాధి దగ్గర పాడే రాగమే. హెలెన్ ఫోను చెయ్యమంటూనే ఉంది. ఫోను చేసి ఏం అడగను. ఆ ఊళ్ళో జూన్ నెలలో మనిషిని ఎంతసేపు ఉంచుతారు. ఫిషింగ్ హార్బరు నుంచి ఐసు దిమ్మలు తెస్తారు, రంపంపొట్టు కడిగి చుట్టూ పేరుస్తారు, అవి కరిగి గుమ్మం దాకా నీళ్ళు వస్తాయి, మర్నాడు పదింటికి పాస్టరుగారు వస్తారు. అమ్మ పోయినప్పుడు చూసింది. శుక్రవారం పోతే శనివారం పెట్టేసి ఉంటారు. సోమవారం టెలిగ్రాం చదివినదానికి తొందర దేనికి.

అందుకని తొందరపడలేదు. మంగళవారం బట్టలు ఉతికింది. పడవెక్కి హార్బరంతా తిరిగింది. మైకులో చెప్పేవాడు ఈ రేవులో ఏడాదికి ఎంత సరుకు దిగుతుందో చెప్పాడు, ఆ అంకె నాన్నకి రాయాలనుకుంది, రాయక్కర్లేదనుకుంది, అంకె మర్చిపోయింది. రొట్టె తింది. రుచి తెలిసింది. రాత్రి నిద్ర పట్టింది. వార్డులో పక్షవాతం వచ్చినవాళ్ళకి గుండుసూదితో అరికాలి మీద తాకించి, తెలుస్తోందా అని అడిగేది. తెలుస్తందమ్మా అనేవాళ్ళు కొందరు, తెలియకపోయినా, ఆమె బాధపడుతుందని. అలా తనని తాను అడుగుతూ వచ్చింది. నాన్న పోయాడు. తెలుస్తోందా. నాన్న చొక్కాకి మాంగనీసు ధూళి, అమ్మ దాన్ని వేరే బకెట్లో ఉతికేది, నీళ్ళు ఎర్రగా నల్లగా వచ్చేవి. తెలుస్తోందా. రిటైరయ్యాక కూడా సైరనుకి లేచి కూర్చునేవాడు. తెలుస్తోందా. లేదు. అబేనా నిన్న ఏడిచింది, ముఖం కూడా చూడని మనిషి కోసం. జయశీల ఆమెకి నీళ్ళిచ్చింది.

మెట్ల మీద బకెట్టు చప్పుడయింది. నేల తుడిచే ఆవిడ కాళ్ళు పైకెత్తమంది. ఎత్తింది. ఈ నెలలో ఇది ఎన్నో హాస్టలో. అన్నిట్లోనూ ఇదే సబ్బు వాసన, ఇవే ఇనుప మంచాలు, ఇవే రెండు ప్రశ్నలు. ఎక్కణ్ణుంచి వచ్చావు, తర్వాత ఎక్కడికి. విశాఖపట్నం అంటే ఎవరికీ తెలియదు. రేవు, స్టీలు అని చెప్పేది. స్టీలు అన్నప్పుడల్లా ఆగేది. ఆమె స్కూల్లో ఉన్నప్పుడు స్టీలు ప్లాంటు కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కింది, బడి మూసేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. శంకుస్థాపన అయ్యేసరికి నర్సింగ్ చదువుతోంది. ఇప్పుడు ఆనందకుమార్ అక్కడ కాంట్రాక్టరు దగ్గర టైమ్ కీపరు, ఇంకా ఒక్క చువ్వ కూడా రాలేదు. అయినా స్టీలు అనే చెప్పింది. ఒక్కదానివే తిరుగుతున్నావా, మీ దేశంలో ఒప్పుకుంటారా అని ఒక స్విస్ అమ్మాయి అడిగింది. మా నాన్నే పంపించాడు అంది. అది నిజం. కాంట్రాక్టు అయిపోయింది, ఆసుపత్రివాళ్ళు టికెట్టు ఇచ్చారు, వచ్చేస్తున్నాను అని రాస్తే, నెలాఖరుకి మార్పించుకో, ఊళ్ళు తిరిగి రా అని నాన్న ఆనందకుమార్ చేత రాయించాడు. నాను ఇన్నేళ్ళు ఓడలకి సరుకెత్తినాను గానీ ఒక్క ఓడా ఎక్కనేదు, నువ్వన్నా ఆ సరుకు దిగే కాడ నిలబడి సూసి రా. తిరిగింది. మొదటివారం భయపడింది, రెండోవారం అలవాటయింది. పేర్లు గుర్తుపెట్టుకోకుండానే మనుషులతో పక్కపక్కన పడుకుంది, ఒకే కత్తితో చీజ్ కోసుకుంది, రైలెక్కినవాళ్ళకి చేయి ఊపి వెనక్కి తిరిగాక వాళ్ళని మర్చిపోయింది. అది బాగుంది. ఎవరూ ఎవరికీ ఏమీ కారు, రేపు ఉండరు. శుక్రవారం నాన్న పోయినప్పుడు తను ఎక్కడుంది. బ్రెమెన్. బ్రెమెన్‌లో ఏం చేసింది. వాన పడింది. షూ తడిసింది, లోపల కాగితాలు కుక్కి కిటికీలో పెట్టింది.

ఇంటికి వెళ్ళాలా. ఈ గంటలో తేల్చుకోవలసింది అదొక్కటే. టికెట్టు నెలాఖరుకి ఉంది. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకి అందుతుంది. ఇప్పుడు వెళ్తే మట్టి చూడాలి. ఆనందకుమార్‌ని అడిగి, అమ్మ పక్కన చోటిచ్చారో లేదో తెలుసుకుని, ఇవ్వకపోతే చర్చి కమిటీకి ఏం చెప్పాలో చెప్పి, పెట్టెయ్యాలి. మూడు నిమిషాలు చాలు.

ఫోను మోగింది. లేచింది. బొంబాయి దొరికింది, విశాఖపట్నం పలకడం లేదు, లైన్లో ఉండండి అంది ఆపరేటర్. తర్వాత పెట్టెయ్యండి, మళ్ళీ పిలుస్తాను అంది. పెట్టేసింది. వార్డెన్ గదిలోంచి తల బయటికి పెట్టి, ఆమె కాదని తల ఊపితే లోపలికి తీసుకున్నాడు. కూర్చుంది. జగ్గారావు షాపు కట్టేసి ఉంటాడా. కట్టడు, తొమ్మిది దాకా ఉంటాడు. అతనూ నాన్నా బావా బావా అనుకుంటారు, ఏ చుట్టరికమూ లేదు, అతను నూకాలమ్మ పండగ చేస్తాడు, నాన్న క్రిస్‌మస్ చేస్తాడు, సాయంత్రం ఇద్దరూ షాపు ముందు స్టూళ్ళు వేసుకుని రోడ్డు మీద పోయేవాళ్ళకి జబ్బులు నిర్ణయిస్తారు. జగ్గారావు ఏడిచి ఉంటాడు. అందరూ ఏడిచి ఉంటారు. ఫోను మోగింది.

"అలో! అలో! ఎవులూ?"

"నాను మావయ్యా. జయశీలని."

"ఎవులూ? గట్టిగా!"

"దయానందం కూతుర్ని! జర్మనీ నుంచి!"

"ఓలమ్మ! కోడలా! నువ్వా! బొంబాయిలో దిగిపోనావా?"

"నేదు మావయ్యా, ఇక్కడే ఉన్నాను. ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"సుక్రవారం పొద్దున్నేనే. నానే రిక్షా మాటాడినాను. ఆటోవోడు రానన్నాడు, ఎదవ."

రిక్షాలోనా అనుకుంది. పెట్టె కూడా లేకుండానా. చర్చివాళ్ళకి బండి ఉంది కదా, బండి ఏమైంది. అడిగేలోపల జగ్గారావు ఫోను పక్కన పెట్టేశాడు. అతని గొంతు వీధిలోంచి వినిపించింది. ఒరే ఆనందూ! మీ అక్కరా! జర్మనీ నుంచి! ఆ జావ గిన్నె అక్కడెట్టేసి రా! వీధిలో ఒక స్కూటరు వెళ్ళింది. ఎవరో దగ్గారు. ఆ దగ్గు అంతదూరం వచ్చి ఆమె చెవిలో పడింది. చెప్పుల చప్పుడయింది.

"అక్కా! ఎక్కడున్నావ్? బయల్దేరినావా?"

"నాన్నని ఎక్కడ పెట్టార్రా?"

"కిటికీ దగ్గిర."

ఆమె రిసీవరు చెవికి నొక్కుకుంది.

"ముందు గుమ్మం దగ్గిర మంచం ఇచ్చారు. నువ్వు పనిచేసిన వార్డే కదా, సిస్టరమ్మకి నీ పేరు సెప్పినాను. కిటికీ దగ్గిరకి మార్చింది. గాలొస్తంది. అక్కా? ఇనబడతందా?"

"ఆనందూ. నాన్న ఉన్నాడా?"

"ఉండకేటి?" అన్నాడు. తర్వాత అతని గొంతు మారింది. "అక్కా, నువ్వేటనుకున్నావ్?"

"సీరియస్ అని కొట్టావు కదరా."

"సీరియస్ కాబట్టే సీరియస్ అని కొట్టినాను! మరేటి కొట్టమంటావ్?"

ఏమని కొట్టమంటుంది. ఆ మాట పోయినవాళ్ళకి ఇచ్చేశారు. ప్రాణం ఉన్నవాడి కోసం ఇంకో మాట మిగల్చలేదు. ఆమె రిసీవరు రెండో చెవికి మార్చుకుంది. ఆమె నోరు దానంతటదే అడగడం మొదలుపెట్టింది, డ్యూటీ మారేటప్పుడు అడిగినట్టు. ఏ పక్క పడిపోయింది. ఎడం పక్క. మాట వస్తోందా. ముద్దముద్దగా వస్తంది, నాకర్థమవుతంది, డాక్టరుకి అవట్లేదు. బీపీ ఎంత. ఎంతో రాసారు, సూసి సెప్తాను. మూత్రానికి గొట్టం వేశారా. ఏసారు. మింగుతున్నాడా.

"నిన్నటి దాకా మింగినాడు. ఇయ్యాల పొద్దున్న జావ పెడితే మూతి తిప్పేసినాడు. రోజూ నీ గురించి అడిగీవోడక్కా. సెయ్యెత్తి గుమ్మం కేసి సూపించీవోడు. బయల్దేరింది, దారిలో ఉంది అని సెప్తన్నాను. సుక్రవారం కాడ్నుంచి అదే సెప్తన్నాను. నిన్నటికాడ్నుంచి అడగడం మానేసినాడు."

వైరులో గాలి వీచినట్టు చప్పుడు వస్తోంది.

"ఇప్పుడు జావ పట్టుకెళ్తన్నాను. ఏ రోజొస్తావో సెప్పక్కా. దారిలో ఉందంటే ఇంక నమ్మడు. రోజు సెప్తే నమ్ముతాడు."

వార్డులో ఆమె ఎవరికీ రోజు చెప్పేది కాదు, చెప్పనిచ్చేది కాదు. కొడుకు ఆదివారం వస్తాడంటే ఆదివారం దాకా ఉండేవాళ్ళు. డాక్టరు రాత్రి దాటదన్నవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆదివారం వచ్చి కొడుకు రాకపోతే సోమవారం మంచం ఖాళీ అయ్యేది. కొత్తగా చేరిన నర్సులకి ఆమె మొదట నేర్పేది అదే. వస్తారు అనండి, ఎప్పుడని అనకండి. ఇవాళ బుధవారం. ఈ రాత్రి రైలు ఉంటే పొద్దున్నకి ఫ్రాంక్‌ఫర్ట్. అక్కడ టికెట్టు తారీఖు మార్చాలి. మారుస్తారో మార్చరో. బొంబాయి. అక్కణ్ణుంచి హైదరాబాదు. గోదావరి ఎక్స్‌ప్రెస్. ఒక్కటి తప్పినా ఆదివారం, సోమవారం. సోమవారం అంటే అన్నీ సరిపోతాయి. సోమవారం దాకా ఉంటాడా. జావకి మూతి తిప్పేసినవాడు.

"అక్కా?"

"శనివారం" అంది.

"శనివారమా! నిజంగానా?"

"శనివారం పొద్దున్నకొచ్చేస్తానని సెప్పు. నాను సెప్పానని సెప్పు. జావ తాగితేనే వస్తానన్నానని సెప్పు."

"సెప్తాను. ఇప్పుడే ఎళ్ళి సెప్తాను. అక్కా, మళ్ళీ..."

లైను పోయింది. ఆమె రిసీవరు చేతిలో పెట్టుకుని నిలబడింది. ఆనందకుమార్ గిన్నె తీసుకుని రోడ్డెక్కి ఉంటాడు. ఇంకో అరగంటలో చెప్పేస్తాడు. చెప్పాక ఆ మాట వెనక్కి తీసుకోవడం కుదరదు. పోయిన మనిషి విషయంలో ఆలస్యం అంటూ ఏదీ ఉండదు, అందుకే మూడు రోజులు అన్నం తింది, నిద్రపోయింది, బట్టలు ఉతుక్కుంది. ఇప్పుడు ఆలస్యం అనేది ఉంది. ఆ మూడు రోజులూ ఇప్పుడొచ్చి మీద పడ్డాయి. గోడ పట్టుకుంది.

వార్డెన్ వచ్చాడు. ఆమె మొహం చూసి, చేయి రెండు చేతుల్లోకి తీసుకుని, మీ నాన్నగారి ఆత్మకి శాంతి కలగాలి అన్నాడు.

"బతికే ఉన్నాడు" అంది తెలుగులో. ఆయన తల ఊపాడు. జర్మనులో ఆ మాట చెప్పడానికి ఆగలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి మొదటి రైలు ఎప్పుడు, అని జర్మనులో అడిగింది. ఆయన గోడ గడియారం చూసి, చెప్పి, అందుకోలేరేమో అన్నాడు.

సంచి లాకర్లో ఉంది. తీసింది. ఆరేసిన బట్టలు పైగదిలోనే వదిలేసింది. అప్పుడే ఐదైంది, వార్డెన్ తలుపు తీశాడు. బయట కాచుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా లోపలికి వస్తున్నారు, వీపుల మీద సంచులు, చేతుల్లో రొట్టె పొట్లాలు. హెలెన్ ముందుంది, వెనక అబేనా. ఏమైంది, ఫోను దొరికిందా అంటోంది హెలెన్. జయశీల వాళ్ళిద్దరి మధ్యనించి దూరింది. గుట్ట దిగే మెట్ల మీద ఇంకా మనుషులు ఎక్కుతూనే ఉన్నారు. జరగండి, జరగండి అంటోంది, ఏ భాషలో అంటోందో చూసుకోలేదు. జరిగారు. ఆమె అప్పటికే పరుగెడుతోంది.